అది ఆలస్యపు క్రిస్మస్ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ నెల 8న మీ పత్రిక కర్నూలు పేజీలో కింది మూలన ఒక ఫోటో వచ్చింది. ముగ్గురు పిల్లలు, తలల మీద బంగారు రంగు కిరీటాలు, చేతుల్లో చిన్న డబ్బాలు. కింద ‘ఆలస్యంగా క్రిస్మస్ సంబరాలు’ అని వేశారు. ఆ ముగ్గురిలో ఎడమ చివర నిలబడి, కిరీటం కళ్ల మీదికి జారకుండా ఒక చేత్తో పట్టుకున్నవాడు నా మనవడు. ఆ కిరీటం మా అంగడికి ఇంగువ వచ్చిన అట్టపెట్టెను కత్తిరించి చేసింది. వాడు ఇంటికొచ్చేసరికి జుట్టంతా ఇంగువ వాసన. కాబట్టి ఆ ఫోటో గురించి రాసే హక్కు నాకు కొంత ఉందనుకుంటున్నాను.

ఫోటో తీసిన కుర్రవాడి తప్పేమీ లేదు. మా గుడి (చర్చి) మెట్ల మీద నిలబడి మేమిచ్చిన టీ తాగుతూ ‘ఇదేం పండగ సార్, క్రిస్మస్ అయిపోయింది కదా’ అని అడిగాడు కూడా. నేను నోరు తెరిచేలోపు అతనికి ఫోన్ వచ్చింది, బండెక్కి వెళ్లిపోయాడు. అతనికి చెప్పలేకపోయింది మీకు రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. సగం కత్తిరించి వేసుకున్నా పర్వాలేదు, తేదీని మాత్రం కత్తిరించకండి.

తేదీ జనవరి 6. మా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లం దాన్ని ప్రత్యక్షత పండగ అంటాం. ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లు సాక్షాత్కార పండుగ అంటారు, నోటిమాటగా ముగ్గురు రాజుల పండగ. వాళ్లు దగ్గర్లో వచ్చే ఆదివారానికి జరుపుకుంటారు. ఇంగ్లీషులో ఎపిఫనీ, గ్రీకు నుంచి వచ్చిన ఆ మాటకు అర్థం కనబడటం, బయటపడటం. బేత్లెహేములో పుట్టిన బిడ్డ తన జనానికి కాక పరాయివాళ్లకు, ఎక్కడో తూర్పు దేశం నుంచి చుక్కను పట్టుకుని నడిచొచ్చిన జ్ఞానులకు కనబడిన రోజు. క్రిస్మస్ 25తో అయిపోదు, ఆ రోజు మొదలవుతుంది. పన్నెండు రోజులు నడిచి ఈ పండగలో కలుస్తుంది. 567లో ఫ్రాన్సులోని టూర్ పట్టణంలో కూడిన సభ ఆ పన్నెండు రోజులూ పండగ రోజులే అని ఖాయం చేసింది. తూర్పు సంఘాల్లో జనవరి 6 ఇంకా గట్టిది. అర్మేనియా సంఘం వాళ్లు ఈ రోజుకీ యేసు పుట్టుకను జనవరి 6నే జరుపుకుంటారు. వాళ్లనడిగితే మనమే తొందరపడ్డామంటారు.

మా పెద్దమ్మాయి అనంతపురంలో నర్సు. స్పెయిన్ నుంచి వచ్చి అక్కడ సేవా సంస్థ పెట్టిన ఫాదర్ ఫెర్రర్ గారి పుణ్యాన ఆ ఊరికి ఆ దేశం నుంచి మనుషులు వస్తూ పోతూ ఉంటారు కదా, వాళ్లలో ఒకామె చెప్పిందట. అక్కడ పిల్లలు కానుకల కోసం ఎదురుచూసేది క్రిస్మస్ తాత కోసం కాదు, ఈ ముగ్గురి కోసమే. జనవరి 5 రాత్రి బూట్లు తీసి బయట పెట్టి పడుకుంటారు. ఒంటెలకు నీళ్లు కూడా పెడతారు. తెల్లారి లేచేసరికి బూట్ల దగ్గర కానుకలుంటాయి. మా మనవడికి ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మన ఊరికి ఒంటెలు ఏ దారిన వస్తాయని ఒకటే గోల. బళ్లారి రోడ్డు మీదుగా అని చెప్పి తప్పించుకున్నా.

అంత పాత పండగ మన దగ్గర ఎందుకు మాయమైందంటే, తప్పు మాదే, మీది కాదు. నవంబరు ఆఖర్న మొదలుపెడతాం సెమీ క్రిస్మస్. కాలేజీలో సెమీ క్రిస్మస్, ఆఫీసులో సెమీ క్రిస్మస్, అపార్ట్‌మెంట్‌లో సెమీ క్రిస్మస్, పార్టీల వాళ్లది ఒకటి. ఫ్లెక్సీలు, కేకులు, శాలువాలు, బిర్యానీ. నిజానికి ఆ నాలుగు వారాలు కనిపెట్టుకుని ఉండాల్సిన కాలం. ఇంట్లో పెళ్లి పెట్టుకుని ముహూర్తానికి నెల ముందు నుంచే రోజూ భోజనాలు పెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది మా 25వ తేదీ. అప్పటికి పాటలు పాడి పాడి గొంతులు పోయుంటాయి. తర్వాత 31 రాత్రి వాచ్‌నైట్, ఒకటో తేదీ వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికని బైబిలు వాక్యం రాసిన చీటీ) తీసుకోవడం. ఆ కార్డు జేబులో పెట్టుకున్నాక ఇంక గుడి వైపు ఎవరూ చూడరు. రెండో తేదీకి గుడి మీద నక్షత్రం దించేస్తారు. చుక్కను చూసుకుంటూ వచ్చేవాళ్లు ఇంకా దారిలోనే ఉంటారు, చుక్కేమో అటక మీదుంటుంది! ముందు నెల రోజులు అరువు తెచ్చుకుని వెనక పన్నెండు రోజులు అమ్ముకున్నామని నేను కమిటీలో అంటే అందరూ నవ్వారు. నక్షత్రం మాత్రం ఎప్పటిలాగే రెండో తేదీన దించారు.

మా నాయనది ముత్యాలపాడు, చాగలమర్రి దగ్గర. ఎస్పీజీ మిషన్ (ఇంగ్లండు ఆంగ్లికన్ మిషనరీలు) వాళ్ల పాత ఊరు. అందుకే మాకు ఈ క్యాలెండరు అబ్బింది. బాప్టిస్టుల దగ్గర ఈ లెక్కలు లేవు, కోల్స్ కాలేజీలో నా పక్కన కూర్చున్న బాప్టిస్టు స్నేహితుడికి ప్రత్యక్షత పండగ అంటే నేనేదో కొత్త మతం చెబుతున్నట్టుండేది. ముత్యాలపాడులో మా అవ్వ ఆ రోజు దాకా నక్షత్రాన్ని దించనిచ్చేది కాదు. వెదురు బద్దలకు గాలిపటాల కాగితం, మైదా జిగురు. లోపల లాంతరు పెట్టేవాళ్లు. గాలొస్తే కాగితం అంటుకునేది, అందుకని ఎప్పుడూ ఒక పిల్లోడు దాని కింద కాపలా. ఆ కాపలా పిల్లోణ్ణి నేను రెండేళ్లు. అవ్వకు చదువు రాదు. పండగ అర్థం అడిగితే ఒకే మాట చెప్పింది: “మనం ఊరి బయట, బావి బయట, గుడి బయట. ఇది బయటోళ్ల పండగరా నాయనా.” తర్వాత నేను ఎంతో మంది అయ్యగార్ల ప్రసంగాలు విన్నా. ‘అన్యజనులకు క్రీస్తు ప్రత్యక్షమగుట’ అని ప్రార్థన పుస్తకం చెప్పేది అవ్వ చెప్పిందే.

ఇప్పుడు నా వ్యాపారం సంగతి. నాకు పాతబస్తీలో మూలికల అంగడి ఉంది. మా నాయన పన్నెండేళ్ల వయసులో అక్కడ పొట్లాలు కట్టే పనికి చేరాడు. శెట్టిగారి కొడుకులు బెంగళూరు వెళ్లిపోయాక అంగడి మాకు బాడుగకిచ్చారు. పిప్పళ్లు, కరక్కాయ, వస కొమ్ము, శొంఠి, కుంకుళ్లు. అలమార పై వరసలో ఎడమ నుంచి మూడో డబ్బా సాంబ్రాణి, నాలుగోది బోళం. మత్తయి సువార్త రెండో అధ్యాయం చదువుతుంటే ఆ జ్ఞానులు పెట్టెలు విప్పి ‘బంగారమును సాంబ్రాణిని బోళమును’ ఇచ్చారని వస్తుంది. చిన్నప్పుడు నేను వాళ్లు మా అంగట్లోనే కొనుక్కుని పోయారనుకునేవాణ్ణి. బంగారానికి పక్క వీధిలో షరాబు ఉండనే ఉన్నాడు.

అయ్యగారు చెప్పే అర్థం అందరికీ తెలిసిందే. బంగారం రాజు గనక, సాంబ్రాణి దేవుడు గనక, బోళం చావబోయేవాడు గనక. సిలువ దగ్గర బోళం కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారు, సమాధికి నీకొదేము బోళమూ అగరూ కలిపి తెచ్చాడు, అవన్నీ నిజమే. కానీ మా అమ్మ ఇంకోటి చెప్పేది. బోళాన్ని మా వ్యాపారంలో ఉత్త బోళం అనరు, బాలింత బోళం అంటారు. కాన్పయిన ఇంటి నుంచి ముసలామె వచ్చి అడిగేది అదే. చీటీ కూడా ఉండదు, ‘బిడ్డ పుట్టింది నాయనా’ అంటే చాలు, మా నాయన చెయ్యి నాలుగో డబ్బా మీదికి పోయేది. (తినమని నేనెవరికీ చెప్పడం లేదు. ఇప్పుడు ఆసుపత్రులున్నాయి, డాక్టర్నే అడగండి.) ఇక సాంబ్రాణి. పసిబిడ్డకు నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, నిప్పుల మీద చిటికెడు వేసి పైన గంప బోర్లించి ఆ పొగ మీద తల ఆరబెట్టని ఇల్లు ఈ జిల్లాలో ఏది? బంగారం సరేసరి, మేనమామ ఎంత పేదవాడైనా చిన్నమెత్తు తెస్తాడు. మా అమ్మ అనేది: “వాళ్లు జ్ఞానులో కాదో నాకు తెలీదు. పురుడు పోసిన ఇంటికి ఏం తీసుకుపోవల్లో తెలిసినోళ్లు.” అమ్మ మాట నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. వినుంటే ముందు వరసలో కూర్చునేవాణ్ణి.

వ్యాపారిగా ఒక నిజం ఒప్పుకోవాలి. మీరు అంగట్లో సాంబ్రాణి అని కొనేది మత్తయి రాసిన సాంబ్రాణి కాదు. గోధుమరంగు గడ్డలో బాదంపప్పు ముక్కల్లాంటి తెల్లటి పలుకులుంటాయే, అది సుమత్రా దీవి చెట్టు జిగురు. ఆయన రాసింది ఒమన్, యెమెన్, సోమాలియా ఎండల్లో పెరిగే ఇంకో చెట్టు. బెరడు గీస్తే పాలు కారి, ఎండి, లేత పసుపు ముత్యాల్లా గట్టిపడుతుంది. మేం దాన్ని పరంగి సాంబ్రాణి అంటాం. దాని దగ్గరి చుట్టం ఒకటి మన నల్లమలలోనే ఉంది, అందుగు చెట్టు. అరబ్బీలో ఆ జిగురును లుబాన్ అంటారు. మన పాతబస్తీలో లోబాన్ అనేది ఆ మాటే. సుమత్రా సరుకును అరబ్బు వ్యాపారులు ‘జావా లుబాన్’ అని పిలిచారు, పేరు అట్లా అతుక్కుపోయింది.

గురువారం గురువారం మా వీధిలోకి ఒక ఫకీరు వస్తాడు. ఒక చేతిలో నెమలీకల కట్ట, ఇంకో చేతిలో ధూపదాని. అంగడి అంగడికీ లోబాన్ పొగ పట్టి, గల్లాపెట్టె మీద ఈకలతో ఒకసారి తట్టి పోతాడు. ఇరవై ఏళ్లుగా ఆయనకు లోబాన్ మా అంగడి నుంచే, సగం ధరకు. ఒకసారి ఆయనకు ఈ జ్ఞానుల కథ చెప్పినా. శ్రద్ధగా విని, “మా దాంట్లో ఈసా నబీ ఖర్జూరం చెట్టు కింద పుట్టినాడు. ఆ మర్యమ్మ ఒక్కతే ఉన్నింది, ఎవరూ తోడు లేరు. మీ దాంట్లో కనీసం చుట్టాలొచ్చినారు” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆ వారం డబ్బులు తీసుకోలేదు.

ఇక ఫోటో తీసిన రోజు ఏం జరిగిందో చెప్తా. ఏటా పిల్లల నాటకంలో జ్ఞానుల చేతుల్లో గిఫ్టు కాగితం చుట్టిన ఖాళీ డబ్బాలుంటాయి. ఈసారి అయ్యగారినడిగి, 6వ తేదీ మంగళవారం సాయంత్రం నలభై మందికి మించని ఆరాధన పెట్టించుకున్నాం. డబ్బాల్లో నేనే సరుకు పోసినా. ఒకదాంట్లో పరంగి సాంబ్రాణి యాభై గ్రాములు, ఇంకోదాంట్లో బోళం. బంగారానికి నా భార్య తన కమ్మలు తీసిచ్చింది, నాటకం అయ్యేదాకా వాటి మీద నుంచి కన్ను తిప్పలేదు. పిల్లల్ని వరసగా పిలిచి వాసన చూడమన్నా. బోళం ఎర్రమట్టి గడ్డలా ఉంటుంది. ఒకడు గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు, ఆ చేదుకు వాడి మొహం చూడాల్సింది. నువ్వు చెప్పు, పసిపాపకు ఇది ఎవరన్నా ఇస్తారా అని అడిగితే ‘వాళ్లమ్మకిచ్చింటారు’ అన్నాడు. మా అమ్మను చూడని పిల్లోడు.

తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేద్దామనేసరికి మా పెద్దల్లో ఒకాయన లేచాడు. “మన గుళ్లో ధూపమేంది? ఇది ఆర్సీఎం వాళ్ల పద్ధతి.” ఇంకొకాయన “ఆర్సీఎం కాదు, అది దేవళం పద్ధతి” అన్నాడు. మత్తయిలో ఉంది కదా అన్నా. ఇచ్చినారని ఉంది గానీ కాల్చినారని లేదు అన్నాడు. నిజమే, లేదు. నాకు నవ్వొచ్చింది, ఆయనకు కోపమొచ్చింది. చివరికి కుంపటి బయటికి తెచ్చి మెట్ల మీద పెట్టి అక్కడ వేశాం. మీ ఫోటోలో పిల్లల వెనక మంచులా కనబడేది మంచు కాదు, అది ఆ పొగ. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగారు. ఒక కూరగాయల బండి ఆమె చెయ్యి చాచి పొగను మొహానికి అద్దుకుని పోయింది, ఏ పండగని అడగలేదు.

‘రాజులు’ కాదు, ‘ముగ్గురు’ అని కూడా బైబిల్లో లేదు, మరి మీ మనవడికి కిరీటమెందుకు అని మీ పాఠకుల్లో ఎవరైనా పట్టుకుంటారని తెలుసు. ఒప్పుకుంటా. మత్తయి ‘తూర్పు దేశపు జ్ఞానులు’ అని ఊరుకున్నాడు. కానుకలు మూడని జనం మనుషుల్నీ ముగ్గురు చేశారు. గాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అనే పేర్లు తర్వాత కాలపువి. వాళ్లు పశువుల పాకకు కూడా రాలేదు, ఇంట్లోకి వచ్చారనే ఉంది. రెండేళ్ల లోపు పిల్లల్ని హేరోదు చంపించాడంటే అప్పటికి బిడ్డ నడక నేర్చుకుంటున్నాడేమో. అన్నీ తెలుసు. కానీ కిరీటం లేకపోతే మా వాడు రానన్నాడు.

ఇంకొక్క మాట. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర కలిసి మన ఊరి మీద పడిన సంగతి ఎవరూ మరిచిపోలేరు. నీళ్లు తీసి తలుపు తెరిచేసరికి అంగట్లో మోకాలి లోతు బురద. మూలికలన్నీ కుళ్లిపోయాయి. బోళం నీళ్లు తాగి సగానికి సగం కరిగి బెల్లం పాకంలా అయింది. సాంబ్రాణి మాత్రం నీళ్లకు కరిగే సరుకు కాదు. కడిగి మిద్దె మీద ఆరబెడితే మళ్లీ గడ్డ గడ్డే. ఆ రోజుల్లో మాకు అన్నం పెట్టింది మాకు పేర్లు కూడా తెలియని ఊళ్ల వాళ్లు. లారీల్లో చపాతీలు, దుప్పట్లు, మంచినీళ్లు తెచ్చి వీధి మొదట్లో ఆపి, ఎవరిల్లు ఏదని అడక్కుండా పంచారు. మా నాయన అప్పటికి మంచాన ఉన్నాడు, పై అంతస్తు కిటికీలోంచి చూస్తూ “జ్ఞానులు ఈసారి లారీలో వచ్చినార్రా” అన్నాడు. జనవరి 6 వచ్చేదాకా ఆయన బతికిలేడు. ఆ ఏడు ఆ కడిగిన సాంబ్రాణే ఆయన సమాధి దగ్గర వేశాం, ఎవరూ వద్దనలేదు.

సంపాదకుల వారికి రెండు మనవులు. ఒకటి, ఆ ఫోటో మీద చిన్న సవరణ వెయ్యండి: ‘ప్రత్యక్షత పండగ, జనవరి 6’. రెండోది, మీరు ఏటా పాఠకులకిచ్చే క్యాలెండర్లో సంకష్టహర చవితులు, ఉరుసులు, అమావాస్యలు అన్నీ ఉంటాయి. జనవరి 6 గడిలో మాత్రం రాహుకాలం తప్ప ఏమీ లేదు. వచ్చే ఏడు అక్కడ ఒక్క మాట పట్టకపోదు.

నేను మాత్రం మా ఇంటి నక్షత్రాన్ని 7వ తేదీ పొద్దున దించి మడిచి అటకెక్కించినా. దాని లోపలి బల్బు, తీగ ఇంకా వరండాలో వేలాడుతూనే ఉన్నాయి. ఎదురింటి కోడలు తెల్లవారుజామున సంక్రాంతి ముగ్గు వేసుకోవడానికి వెలుతురు చాలడం లేదు, పండగయ్యేదాకా ఉంచు మామా అని అడిగింది.

ఇట్లు,
ఒక మూలికల అంగడి యజమాని,
పాతబస్తీ, కర్నూలు